జవాబు గంట

మన దీవుల్లో, ప్రోతరాపూర్‌లో గోపీనాథ్‌కి తెలియని విషయం లేదు. నమ్మకపోతే అతన్నే అడగండి. ఒక కార్గో ఆఫీసులో కూచుని ఏ ఓడలోంచి ఏ సరుకు దిగిందో కంప్యూటర్లో టైపు చెయ్యడం అతని ఉద్యోగం. బయట మాత్రం ఐటీ లైన్లో ఉన్నానని చెప్పుకుంటాడు. వీధిలో ఎవరి టీవీ ఆగిపోయినా, ఎవరి ఫోను మొరాయించినా పిలవకుండానే వెళ్తాడు. బాగుచెయ్యడు లెండి. దాన్ని కొన్నవాడికి బుర్ర ఎంత తక్కువో వివరంగా చెప్పి, వాళ్ళింట్లోనే టీ తాగి వస్తాడు.

అలాంటి మహానుభావుడు ఆ ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి, సొంతింటి హాల్లో నేలమీద బాసింపట్టు వేసుక్కూచుని, రెండు తెల్ల డబ్బాలతో కుస్తీ పడుతున్నాడు.

పవర్‌లైన్ అడాప్టర్లంటారు వాటిని. కరెంటు తీగలోంచే ఇంటర్నెట్టు పంపిస్తాయి. ఒకదాన్ని రౌటరు పక్కన ప్లగ్గులో పెట్టాలి. రెండోదాన్ని దూరంగా ఉన్న గదిలో పెట్టాలి. దీని మీద పెయిర్ అని రాసున్న బటను నొక్కి, రెండు నిమిషాల్లోపు దాని మీద కూడా నొక్కితే రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. అప్పుడు ఇల్లు బొమ్మ వేసిన చిన్న దీపం పచ్చగా వెలుగుతుంది. ఇది పిలవాలి, అది పలకాలి. చంటిపిల్లకైనా అర్థమయ్యే పని. గోపీనాథ్‌కి నాలుగుసార్లయినా కాలేదు.

అసలు ఈ గొడవంతా అతని భార్య కళ్యాణి కోసం. ఏడేళ్ళుగా కాంట్రాక్టు మీద పిల్లలకి లెక్కలు చెబుతోందావిడ. మర్నాడు తొమ్మిదింటికి పర్మనెంటు పోస్టుకి ఇంటర్వ్యూ. మెయిన్‌ల్యాండ్‌లో కూచున్న పెద్దమనుషులు కంప్యూటర్లోనే ప్రశ్నలడుగుతారట. హాలు చూస్తే బస్సు రోడ్డు మీద ఉంది, హారన్ల మోత. ఇంట్లో నిశ్శబ్దంగా ఉండేది వెనక గది ఒక్కటే. అక్కడికి వైఫై అందదు, వంటింటి గోడ దాటేసరికే చచ్చిపోతుంది. ఎలక్ట్రీషియన్ అసిరయ్యతో చెబితే గంటలో కేబులు లాగేస్తానన్నాడని కళ్యాణి చెప్పింది. గోపీనాథ్ నవ్వాడు. బల్బులు బిగించుకునేవాడికి నెట్టు గురించి ఏం తెలుసన్నాడు. మెయిన్‌ల్యాండ్ నుంచి ఈ డబ్బాలు తెప్పించాడు. అవి ఓడెక్కి దిగేసరికి మూడు వారాలు పట్టింది. తీరా ఇవాళ విప్పితే ఇదీ వరస.

కళ్యాణి సిప్పీఘాట్‌లో ఉన్న అక్క సాయిలక్ష్మి ఇంటికి వెళ్ళింది. అక్క కూడా టీచరే, ప్రశ్నలడిగి తయారు చేస్తానంది. ఏడు గంటల బస్సుకి వచ్చేస్తుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, బావగారి గదిలో కూచుంటే ఆయన దీవెన కూడా ఉంటుందని అంది. ఆ మాటకి గోపీనాథ్ తల ఎత్తలేదు, డబ్బా మీద అక్షరాలు చదువుతున్నట్టు నటించాడు.

బావగారంటే గోపీనాథ్ అన్న, గణేశ్వరరావు. ఫీనిక్స్ బే జెట్టీ నుంచి దీవులకి తిరిగే బోటుని నడిపే సరంగు. తండ్రి పోయాక తమ్ముణ్ణి పన్నెండేళ్ళప్పుడు చేతుల్లోకి తీసుకుని, తను పెళ్ళి కూడా మానుకుని పెంచి పెద్ద చేశాడు. ఈ ఇల్లు ఆయన కట్టిందే. చివర్లో పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. పద్నాలుగు నెలలు వెనక గదిలో ఇనప మంచం మీద ఉన్నాడు.

పడిపోయిన కొత్తలో ఆయన ఎడమచేత్తో మంచం కమ్మీ మీద ఊరికే కొడుతుండేవాడు. బుర్ర చెడిందన్నాడు మన తెలివైనవాడు. బుర్ర కాదు, అది బోటు గంటల లెక్క అని కనిపెట్టింది కళ్యాణి. ఆయన నడిపిన పాత బోట్లో పైనుంచి సరంగు గంట కొడితే కింద ఇంజను డ్రైవరు అన్నే కొట్టి జవాబివ్వాలి. అలా కొడితేనే విన్నట్టు. అది జవాబు గంట. జవాబు రాకపోతే సరంగు మళ్ళీ కొడతాడు. వస్తే ఇక కొట్టడు, పని జరుగుతోందని నిశ్చింతగా ఉంటాడు. కళ్యాణి అసిరయ్యని పిలిచి మంచం దగ్గరొక స్విచ్చి, గంట, హాల్లో ఒక స్విచ్చి, గంట పెట్టించి మధ్య తీగ లాగించింది. ఒకటి కొడితే మంచినీళ్ళు. రెండు కొడితే పక్కకి తిప్పాలి. మూడు కొడితే ఊపిరాడటం లేదు, పరిగెత్తుకు రావాలి. నాలుగు కూడా ఉందని ఆయన చూపించాడు. జెట్టీ చేరాక కొట్టేది. ప్రయాణం అయిపోయింది, ఇంజను ఆపెయ్యమని. దాంతో మనకి పని లేదులెండి బావగారూ అని కళ్యాణి నవ్వేసింది.

గోపీనాథ్‌కి ఈ ఏర్పాట్లో నచ్చింది ఒకటే. జవాబు కొడితే చాలు, అన్నయ్య మళ్ళీ కొట్టడు. కళ్యాణి ఇంట్లో లేనప్పుడు ఒకటి మోగితే ఒకటి కొట్టి, టీవీ చూసుకుని, తీరిగ్గా నీళ్ళు పట్టుకెళ్ళేవాడు. దానికోసం హాల్లో స్విచ్చిని సోఫా చెయ్యి పక్కకి మార్పించుకున్నాడు కూడా.

కళ్యాణి స్కూలు పని మీద హేవ్‌లాక్ దీవికి వెళ్ళిన రోజు సాయంత్రం మూడు మోగింది. టీవీలో మ్యాచి ఆఖరి ఓవర్లు. గోపీనాథ్ తెర మీంచి కన్ను తిప్పకుండా చెయ్యి చాచి మూడు కొట్టాడు. ఒక్క ఓవరు చూసి వెళ్దామనుకున్నాడు. మ్యాచి గెలిచాక స్నేహితుడి ఫోనొచ్చింది. ఆ తర్వాత సోఫాలోనే కునుకు పట్టింది.

గంట మళ్ళీ మోగలేదు. ఎందుకు మోగుతుంది? జవాబొచ్చింది కదా.

రెండు గంటల ముందు తీసుకొచ్చుంటే బతికేవాడని ఆస్పత్రిలో డాక్టరు అన్నాడు. బెల్లు మోగలేదా అని కళ్యాణి అడిగింది. మోగలేదన్నాడు. ఒకే ఒక్కసారి అడిగింది, మళ్ళీ అడగలేదు. పదోరోజు కాగానే గోపీనాథ్ రెండు గంటలూ ఊడదీసి, తీగని రెండు చివర్లా కత్తిరించి, గంటల్ని సంచిలో చుట్టి ఫీనిక్స్ బే జెట్టీ చివర నీళ్ళలోకి విసిరేశాడు. నిజం తెలిస్తే కళ్యాణి తన మొహం చూడదు. లోకంలో అన్నీ తెలుసనుకునే మనిషికి నిజంగా తెలిసింది అదొక్కటే.

సరే, డబ్బాల దగ్గరికి వద్దాం.

ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే పనిచెయ్యవని కాగితంలో రాసుంది. చదివితే కదా. అరగంట పోయాక అది తనే కనిపెట్టినట్టు బోర్డు తీసి డబ్బాని గోడ ప్లగ్గులో పెట్టాడు. ఫ్రిజ్ ఆపాడు, ఇన్వర్టరు తీశాడు, చార్జర్లన్నీ పీకాడు. హాల్లో బటను నొక్కి, వంటింట్లోంచి పరిగెత్తి వెనక గదిలో బటను నొక్కాడు. దీపం రెండుసార్లు మినుకుమంది, ఆరిపోయింది. పదిసెకన్లు నొక్కిపట్టి రెండింటినీ మొదటికి తెచ్చాడు. మళ్ళీ పరుగు. మళ్ళీ అంతే. చివరికి రెండింటినీ హాల్లోనే పక్కపక్కన పెట్టి నొక్కితే ఒక్క క్షణంలో జత కలిశాయి. మీసం దువ్వుకుని ఒకదాన్ని వెనక గదికి పట్టుకెళ్ళి పెట్టాడు. ఇల్లు దీపం చచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కంపెనీవాణ్ణి, చైనావాణ్ణి, పోస్టువాణ్ణి వరసపెట్టి తిట్టాడు.

ఇక చేసేది లేక అసిరయ్యకి ఫోను చేశాడు. అడగడానికి కాదు, వైరింగు ఎంత దరిద్రంగా చేశావో చెబుదామని.

అసిరయ్య అంతా విన్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"ఆ వెనక కమరా లైను అలగ్ కదా భయ్యా, ఆ గదికి వేరే లైను. హాలుకీ దానికీ కనెక్షనే లేదు. రెండిటి మధ్యా నేను లాగింది ఒక్కటే తీగ, పెద్దాయన గంట తీగ. అది మీరే కత్తిరించేసినారు. గోడలో ఉంది గానీ చచ్చిన తీగ అది."

"తెలుసు," అని ఫోను పెట్టేశాడు గోపీనాథ్. తెలీదని ఒప్పుకుంటే నాలుక ఊడిపోతుందేమో. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

అప్పటికి ఐదుంపావు. డిసెంబరులో మన దీవుల్లో ఐదింటికే పొద్దు గుంకుతుంది. మెయిన్‌ల్యాండ్ వాళ్ళ గడియారం మనకి అంటగట్టారు గానీ సూర్యుడు ఆ గడియారం చూసుకోడు. కిటికీలో వెలుగు బూడిద రంగుకి తిరిగి, చూస్తుండగానే పోయింది. రోడ్డు మీద బస్సు ఏదో వెళ్ళిన చప్పుడు, తర్వాత కప్పలు. ఫ్రిజ్ ఆపేసి ఉండటంతో ఇంట్లో ఎప్పుడూ ఉండే ఆ చిన్న మూలుగు కూడా లేదు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని గోపీనాథ్ ఎప్పుడూ గమనించలేదు.

వెనక గదిలోని డబ్బాని పీకి తెచ్చి చొక్కా జేబులో వేసుకున్నాడు. హాల్లో డబ్బా ఒక్కటే గోడ ప్లగ్గులో ఉంది. దాని ముందు కూచుని విసుగ్గా బటను ఒకసారి నొక్కాడు.

ఇల్లు దీపం ఒకసారి వెలిగి ఆరింది.

బటను పాడైందనుకున్నాడు. రెండుసార్లు నొక్కాడు. దీపం రెండుసార్లు వెలిగింది. మళ్ళీ ఒకసారి నొక్కాడు. ఒకసారి. ఈ పనికిమాలిన డబ్బా తన వెక్కిరింపు తనకే తిప్పికొడుతోందనిపించి నవ్వొచ్చింది. ఆ దీపం వెలగాలంటే అవతల జత పలకాలి. జత చూస్తే తన జేబులో ఉంది. తడిమి చూసుకున్నాడు. ఉంది. చల్లగా, బరువుగా, కరెంటు లేకుండా ఉంది.

నవ్వు ఆగింది.

ఈసారి మూడు నొక్కాడు. నొక్కాలని నొక్కలేదు. వేళ్ళకి ఆ లెక్క అలవాటు.

ఏం జరగలేదు. కప్పలు కూడా ఆగాయి. ఒక నిమిషం...

ఒకటి. రెండు. మూడు.

ఒక్కో వెలుగుకీ మధ్య ఆలస్యం. సత్తువ లేని చెయ్యి స్విచ్చిని వెతుక్కుని నొక్కినట్టు.

గోపీనాథ్ వెనక్కి జరిగాడు. వీపు సోఫాకి తగిలింది. వంటింటి వైపు నుంచి సన్నగా వాసన వస్తోంది. డీజిలు, నొప్పుల మందు, తడిసిన దుప్పటి. ఆ దుప్పటిని కళ్యాణి కాల్చేసి ఏడాది దాటింది. వోల్టేజి హెచ్చుతగ్గులని తనకి తనే చెప్పుకున్నాడు. పైకే చెప్పుకున్నాడు, ఎవరో అడిగినట్టు.

దీపం మళ్ళీ వెలిగింది. ఈసారి అతను ఏమీ నొక్కలేదు.

ఒకటి. రెండు. మూడు.

ఆగింది. ఎదురుచూస్తోంది. మళ్ళీ... ఒకటి. రెండు. మూడు.

అప్పుడతను చేసిన పని చూడండి. లేచి పారిపోలేదు. దేవుడికి దణ్ణం పెట్టుకోలేదు. అన్నయ్యా తప్పయిపోయిందని ఏడవలేదు. వేలు చాచి, మూడుసార్లు నొక్కాడు. ఆ గంట నోరు మూయించడానికి అతనికి చేతనయింది అదొక్కటే మరి.

దీపం ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు.

వెనక గదిలో ఇనప మంచం కిర్రుమంది. పడుకున్న మనిషి గుమ్మం కేసి మొహం తిప్పుకుంటే వచ్చే చప్పుడు అది. పద్నాలుగు నెలలు విన్న చప్పుడు.

"వస్తున్నా అన్నయ్యా..." అన్నాడు గోపీనాథ్. కదల్లేదు మాత్రం.

గోడ గడియారం ఆరుకి పావు తక్కువ చూపిస్తోంది. అతని భయం అన్నకోసం అనుకుంటున్నారా? ఒక్క క్షణం అయ్యుండొచ్చు. ఆ వెంటనే వేరే సంగతి తట్టింది. రేపు పొద్దున ఆ గదిలో కళ్యాణి కూచుంటుంది. దీపం ఇలాగే కొట్టుకుంటే కళ్యాణికి అర్థమవుతుంది. గంటల లెక్క కనిపెట్టిందే ఆవిడ. ముందు మూడు, దానికి జవాబు మూడు... ఆ సాయంత్రం జరిగింది ఏమిటో చచ్చినవాడు నోరు విప్పి చెప్పక్కర్లేదు, దీపం చాలు. ఆవిడ ఏడింటి బస్సు దిగేలోగా ఆ తీగని గోడలోంచి పీకి పారెయ్యాలి. భయాన్ని మించిన భయం పట్టుకుంది మనవాణ్ణి.

పట్టకారు, టెస్టరు, టార్చి తీసుకున్నాడు. మెయిన్ ఆపాలని కూడా తోచలేదు. తోచినా, చచ్చిన తీగకి మెయిన్ ఎందుకని ఊరుకునేవాడే.

వంటింటి గచ్చు చల్లగా ఉంది. వెనక గది తలుపు తను మూసే వచ్చాడు. ఇప్పుడు బెత్తెడు తెరిచి ఉంది. టార్చి వేశాడు. మంచం ఖాళీ. పరుపు చుట్టేసి గోడకి ఆనించి ఉంది. కిటికీ పక్కన రేపటికోసం కళ్యాణి సర్దుకున్న బల్ల, కుర్చీ, ఇస్త్రీ చేసిన చీర. వాసన లేదు. ఏమీ లేదు. గోపీనాథ్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇంతోటిదానికా అని తన మీద తనే నవ్వుకున్నాడు.

మంచం తలాపున గోడలోంచి రెండు తీగ ముక్కలు బయటికి వేలాడుతున్నాయి, తను కత్తిరించినవే. టెస్టరు పెట్టి చూశాడు. వెలగలేదు. చచ్చిన తీగే.

పట్టకారుతో పట్టుకుని లాగాడు. గోడలోపల ఏదో గట్టిగా పట్టుకుని ఉన్నట్టు రాలేదు. కాలు మంచానికి తన్నిపెట్టి మళ్ళీ లాగాడు. కొద్దిగా వచ్చింది.

అవతల్నుంచి ఎవరో... వెనక్కి లాగారు.

ఆ తర్వాత నేల. చెంప కింద గచ్చు. టార్చి ఎటో దొర్లిపోయి మంచం కింద గోడని చూపిస్తోంది. లేవబోయాడు, కుడిచెయ్యి రాలేదు. కుడికాలు ఎక్కడుందో తెలియలేదు. కళ్యాణీ అని పిలవబోతే నోట్లోంచి చొంగ వచ్చింది, మాట రాలేదు.

ఎంతసేపు అలా ఉన్నాడో. ఎడమచేతిలో పట్టకారు ఇంకా ఉంది. దాన్ని మెల్లగా జరిపి మంచం కోడుకి కొట్టాడు. ఖణ్. ఖణ్. ఖణ్.

చీకట్లో కాసేపు ఏమీ లేదు.

తర్వాత హాల్లోంచి గంట మోగింది. ఒకటి. రెండు. మూడు.

కళ్యాణి వచ్చేసింది. అంతకుమించి అతని బుర్ర పనిచెయ్యలేదు. కళ్యాణి వచ్చింది, విన్నది, జవాబు కొట్టింది. కళ్ళు మూసుకున్నాడు. గుండె నెమ్మదించింది. మళ్ళీ కొట్టలేదు. జవాబొచ్చాక మళ్ళీ ఎందుకు కొడతాడు? చెప్పులు విప్పుకుంటోంది కాబోలు. నీళ్ళు తాగుతోంది కాబోలు. వస్తోంది... వస్తోంది...

వంటింట్లో అడుగు పడలేదు. లైటు వెలగలేదు. హాల్లో గంట ఎక్కడిది? తనే ఊడదీశాడు. తనే సంచిలో చుట్టి సముద్రంలో విసిరేశాడు. ఇందాకటి మోతలో కూడా ఏదో తేడా ఉంది. గంట నోటినిండా నీళ్ళున్నట్టు మోగింది.

ఇప్పుడర్థమైంది అతనికి. అర్థమయ్యాక పట్టకారు ఎత్తబోయాడు. వేళ్ళు మాట వినలేదు.

ఆరోజు బస్సు ఆలస్యమైంది. కళ్యాణి వచ్చేసరికి ఎనిమిది కావస్తోంది. రెండు గంటల ముందు తీసుకొచ్చుంటే ఇంత పడిపోయేవాడు కాదని ఆస్పత్రిలో డాక్టరు అన్నాడు. కరెంటు షాకు కాదట, ఒంటి మీద ఎక్కడా కాలిన మచ్చ లేదు. మెదడులో నరం చిట్లిందన్నారు. డాక్టరు ఆ రెండు గంటల మాట అనగానే కళ్యాణి తల పైకెత్తి ఆయన్ని చూసింది, ఇదే మాట ఇంతకుముందు విన్నట్టు.

ఇంటర్వ్యూ అంటారా? మర్నాడు తొమ్మిదింటికి ఆస్పత్రి వరండా చివర నిలబడి, నలిగిన చీరతో, చేతిలో ఫోనుతో మాట్లాడింది. సిగ్నలు శుభ్రంగా వచ్చింది. ఉద్యోగం కూడా వచ్చింది. ఏ డబ్బా అవసరం లేకపోయింది.

నెల తిరిగాక గోపీనాథ్‌ని ఇంటికి తెచ్చారు. కుడివైపు లేదు, మాట లేదు. హాల్లో రోడ్డు మోత, అందుకని వెనక గదిలో అదే మంచం వేశారు. అసిరయ్య వచ్చి కొత్త తీగ లాగి, మంచం దగ్గర స్విచ్చి, హాల్లో గంట బిగించాడు. పాత తీగ సంగతి కళ్యాణి అడిగితే, గోడంతా వెతికాను దీదీ, లేదన్నాడు. పీకిన ఆనవాలు కూడా లేదన్నాడు. కొత్త గంట నొక్కి చూపించాడు, వీధి చివరికి వినబడేలా మోగింది. మంచం దగ్గర జవాబు గంట కూడా పెట్టమంటారా అని అడిగాడు. కళ్యాణి వద్దంది.

అసిరయ్య వెళ్ళాక ఆవిడ మంచం మీద కూచుని మొగుడి ఎడమచెయ్యి తీసి స్విచ్చి మీద పెట్టింది.

"బావగారు ఆ రోజు కొట్టలేదన్నారు కదా మీరు," అంది. గొంతులో కోపం లేదు. "మీరు కొట్టండి. నేను వింటాను. వింటే వస్తాను."

ఆవిడ కళ్ళలోకి చూడలేక గోపీనాథ్ పక్కనున్న మందుల అలమర కేసి చూశాడు. రెండో తెల్లడబ్బా అక్కడే ఉంది. పడిపోయిన రోజు చొక్కా జేబులోంచి తీసి ఆవిడే అక్కడ పెట్టింది. మొదటిది హాల్లో ప్లగ్గుకే ఉండిపోయింది. దాని మీద ఇల్లు దీపం పచ్చగా, ఆరకుండా వెలుగుతూ ఉంటుంది. చూడ్డానికి బాగుందని కళ్యాణి దాన్ని అలాగే వదిలేసింది.

ఆ సాయంత్రం అతనికి దాహమేసింది. ఒకటి కొట్టాడు. హాల్లో గంట మోగలేదు. మంచం కిందనుంచి, ఎక్కడో లోతునుంచి, నీళ్ళు నిండిన మోత ఒకటి వచ్చింది. కళ్యాణి రాలేదు. రెండు కొట్టాడు. రెండు వచ్చాయి. కళ్యాణి రాలేదు. భోజనం వేళకి ఆవిడ పళ్ళెం పట్టుకుని వచ్చి, ఒక్కసారి కూడా కొట్టలేదేమండీ, హాయిగా పడుకున్నారన్నమాట అని దుప్పటి సర్ది వెళ్ళింది. అతను నోరు తెరిచాడు. చొంగ తుడిచింది.

అలా పదకొండు రోజులు. ఎన్ని కొడితే అన్ని. బోటు రూలు బోటు రూలే. జవాబులో ఒక్కటి ఎక్కువ కాలేదు, ఒక్కటి తక్కువ కాలేదు. అసిరయ్య ఒకసారి మళ్ళీ వచ్చి తన చేత్తో నొక్కి చూశాడు, గంట ఖంగున మోగింది. ఇంత బాగా పనిచేస్తుంటే వాడరేంటి భయ్యా అని గోపీనాథ్ మొహంలోకి చూసి నవ్వాడు.

పన్నెండో రోజు ఆరుకి పావు తక్కువకి చీకటి పడింది. గుండెల మీద ఎవరో కూచున్నట్టు ఊపిరి అందలేదు. వంటిల్లు దాటి హాల్లో లైటు కింద కళ్యాణి కూచుని పిల్లల నోటుబుక్కులు దిద్దుతోంది. తెరిచిన తలుపులోంచి ఆవిడ వీపు కనబడుతూనే ఉంది. గోపీనాథ్ శక్తంతా కూడదీసుకుని స్విచ్చి నొక్కాడు. ఒకటి. రెండు. మూడు.

కళ్యాణి పేజీ తిప్పింది.

మంచం కింద గంట మోగింది. ఒకటి. రెండు. మూడు.

అతను కళ్ళు మూసుకోబోయాడు. అప్పుడు, తీరిగ్గా, నాలుగోది మోగింది.